గుప్పెడు పిండి

"రెండు గౌన్లు ఏడ సరిపోతయ్? చలికాలం వస్తది. స్వెట్టర్ గూడ పెట్టు" అంటూ సాయమ్మ మనవరాలి బట్టలు సంచిలో కుక్కుతోంది.

"నేను పెడుతలేను అత్తమ్మా, తీస్తున్న" అంది ఉమ. అన్నట్టే పసుపు గౌను బయటికి తీసి మంచం మీద పెట్టింది.

సాయమ్మ దాన్నే మళ్ళీ మడత పెట్టింది. పొద్దున ఆరింటి నుంచి ఆ గౌను నాలుగుసార్లు సంచిలోకి పోయి నాలుగుసార్లు బయటికి వచ్చింది.

"ఎండకాలం నెలన్నర నా దగ్గరున్నది. ఒక్కనాడన్న కడుపు పట్టుకున్నదా? మీ మామనడుగు. చెలకల కోడిపిల్ల తీరుగ తిరిగింది. ఈ వనపర్తికొచ్చి నెల కాలే, మళ్ల షురువాయె."

"అంటే నా చేతుల్ల విషమున్నదా?"

"ఆ మాట నేనన్ననా? నువ్వే అంటున్నవ్."

మోటార్ల వైండింగ్ షాపు తెరవడానికి బయల్దేరిన శ్రవణ్ గుమ్మంలో ఆగాడు. తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు.

"ఒక్క ఏడాదే గద ఉమా. తెలకపల్లిల బడి లేదా? పిల్ల మంచిగుంటే సాలదా మనకు?"

ఉమ మంచం అంచున కూర్చుంది. అత్త అంటే పడవచ్చు. ఆ మాట శ్రవణ్ నోటి నుంచి రావడం వేరు.

మామ పెంటయ్య కాలిపోయిన బోరు మోటరు కొడుకు చేత బాగుచేయించుకోవడానికి నిన్ననే వచ్చాడు. బాగైన మోటరు ఆటోలో పెట్టించి, తువ్వాలు భుజాన వేసుకుని, "మెల్లగ మాట్లాడుండ్రి. పిల్ల ఇంటున్నది" అని మాత్రం చెప్పి ఊరికి వెళ్ళిపోయాడు.

ఎనిమిదేళ్ళ తేజస్విని మెట్ల మీద కూర్చుని, మోకాళ్ళు కడుపుకు ఆనించుకుని, ఎండలో తేలే దుమ్మును చూస్తోంది.

చివరికి ఒప్పందం కుదిరింది. నాగర్‌కర్నూల్‌లో పిల్లల డాక్టరమ్మ ప్రేమలత దగ్గరికి ఎలాగూ పోవాలి. ఆమె కూడా ఏమీ లేదంటే సాయమ్మ అటునుంచి అటే పిల్లను తెలకపల్లికి తీసుకుపోతుంది. సంచి వాళ్ళతోపాటే బస్సెక్కింది.

బస్సులో తేజస్విని తల్లి ఒళ్ళో వాలింది. "అమ్మా, కడుపుల చీమలు నడుస్తున్నయ్" అంది. "ఆటికి గూడ ఎటన్న ఊరికి పోవాలని ఉన్నదేమో."

ఉమ ఆ చిన్న పొట్ట మీద చెయ్యి వేసింది. మూడేళ్ళుగా ఇదే. నులిపురుగులని ఒకరు మందిచ్చారు. గ్యాసని ఒకరన్నారు. స్కానింగులో ఏమీ లేదని, బడి ఎగ్గొట్టడానికి నాటకమాడుతోందని ఇంకొకరు నవ్వారు. బేకరీ తిండి బంద్ చేయమంటే బిస్కెట్లు, బ్రెడ్డు, చపాతీ ఏడాదిగా ఇంట్లోకి రానివ్వలేదు. అయినా నెలకు మూడుసార్లు పిల్ల ముడుచుకుపోతూనే ఉంది. పోయినేడు కుట్టించిన యూనిఫాం ఇప్పటికీ వదులే.

గాలికి ఆమె కళ్ళు మూతపడ్డాయి. ఆ అరనిద్రలో తేజు తేలికవుతూ కనిపించింది. ఒళ్ళో నుంచి మెల్లగా లేచి, కిటికీలోంచి జారి, పత్తి చేల మీద దూది పింజలా తేలుతోంది. ఎవరో కింద నిలబడి కొంగు పట్టారు. ఆ మనిషి ముఖం కనపడలేదు, చేతులకు పిండి మాత్రం కనపడింది. ఉమ ఉలిక్కిపడి లేచింది. పిల్ల ఒళ్ళోనే ఉంది. బరువే లేదు.

డాక్టర్ ప్రేమలత పాత కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది. పిల్ల గోళ్ళు, కనురెప్పల లోపల, నాలుక చూసింది.

"ఇంట్లో ఏం తింటుంది?"

"అన్నం మేడం. రాత్రికి రొట్టె."

"గోధుమ రొట్టెనా?"

"రొట్టె అంటే జొన్నరొట్టెనే మేడం" అని సాయమ్మ అందుకుంది. "గోధుమదైతే చపాతి అంటం. మా కోడలు జొన్నరొట్టె కొడితే పూరీ లెక్క పొంగుతది."

డాక్టరమ్మ ఏదో రాయబోయి ఆగింది. "నాకు గోధుమ మీద అనుమానం వచ్చింది. కొందరు పిల్లల పేగులకు అది అస్సలు పడదు. కానీ మీరు ఏడాదిగా ఇంట్లో వాడట్లేదంటున్నారు. అయినా తగ్గలేదు. అయితే అది కాకపోవచ్చు" అని కలం పక్కన పెట్టింది.

ఉమ ఆ కలాన్నే చూసింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది కానీ చప్పుడు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. తలుపు దగ్గర బట్టల సంచి కనిపిస్తోంది. నోరు తెరిస్తే పిల్లను తనే అత్త చేతుల్లో పెట్టినట్టు. ఇక ఎవరికీ ఏ సాక్ష్యమూ అక్కర్లేదు. తెరవకపోతే ఆ కలం మళ్ళీ గోధుమ మాట దగ్గరికి రాదు.

"మేడం" అంది. "జొన్నపిండిల నేను గోధుమపిండి కలుపుత. రోజూ. ఒక గుప్పెడు."

సాయమ్మ తల తిప్పి చూసింది.

"ఎప్పటి నుంచి?" అని డాక్టరమ్మ అడిగింది.

"మూడేండ్ల సంది."

డాక్టరమ్మ కోప్పడలేదు. కలం తీసుకుంది. రక్తం పరీక్ష చేయాలని, అందులో తేలితే హైదరాబాద్‌లో గొట్టం వేసి పేగు చూస్తారని చెప్పింది. "అవన్నీ అయ్యేదాకా తిండి మార్చొద్దు. ఇప్పుడే మానేస్తే పరీక్షలో సరిగ్గా తెలియదు."

"అంటే నేను తీస్కపోవద్దా?" అంది సాయమ్మ.

"వద్దమ్మా. తల్లి చేతి రొట్టే తినాలి, ఇంకొన్ని రోజులు."

రక్తం తీసుకున్నాక బయట వేపచెట్టు కింద బల్ల మీద కూర్చున్నారు. తేజస్విని దూది నొక్కిపట్టుకుని గోడ మీద ఉడుతను చూస్తోంది. సాయమ్మ కోడలి వైపు తిరిగింది.

"గన్ని దవాఖానలు తిరిగితిమి. ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"ఏడాది కిందట బిస్కెట్లన్ని బంద్ చేసినం గద. అప్పుడు గూడ నాకు తట్టలే అత్తమ్మా. అది చపాతి కాదు, రొట్టెనే అనుకున్న. గుప్పెడే గద అనుకున్న."

"ఎందుకు కలుపుడు? ఏమొచ్చింది?"

ఉమ తన అరచేతులు చూసుకుంది. "నాకు రొట్టె కొట్టరాదు. చిన్నప్పటి సంది హాస్టల్ అన్నం తిన్న. పెండ్లైన కొత్తల కొడితే పెనం మీద ముక్కలాయె. నువ్వు వాడకట్టు ఆడోళ్ళందరినీ పిలిచి, మా కోడలు ఇండియా మ్యాపు చేసింది సూడుండ్రి అన్నవ్. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన."

సాయమ్మ కొంగుతో నోరు మూసుకుంది.

"మూడేండ్ల కింద వనపర్తికి వచ్చినంక పక్కింటి రాధమ్మ చెప్పింది, జర గోధుమపిండి కలిపితే ఇరగదని. ఆ యేడు నువ్వొచ్చి తిన్నవ్. 'ఇప్పుడు నా కోడలనిపించినవ్' అన్నవ్. ఇగ ఆ మాట ఎట్ల వాపస్ ఇయ్యాలె నేను?"

ఎండ ఆకుల సందుల నుంచి వాళ్ళ ఒళ్ళో పడి కదులుతోంది. సాయమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగి, చెంపల ముడతల్లో ఆగాయి.

"మ్యాపు అన్నది నాకు యాదిలేకుండె బిడ్డ. నువ్వంటే యాదికొస్తున్నది." కొంచెం ఆగింది. "నాయి గూడ ఇరిగేటియి. మా అత్త చెలకల నుంచి రాకముందే ఇరిగినవన్ని నేనే తింటుంటి, సప్పుడు గాకుండ. కడుపు పగిలేదాంక తింటుంటి. ఆమెకు పొంగినవి పెడ్తుంటి."

ఉమకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. సాయమ్మ సంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

"నాకు మనసొప్పుతలేదు. తెలిసి తెలిసి ఆ రొట్టె పెట్టుడు ఎట్లనో. గని పెట్టు. పెట్టేటప్పుడు ఏడ్వకు, పిల్ల సూస్తది."

ఆ తర్వాత మూడు వారాలు ఉమకు ఒక పొగమంచులో నడిచినట్టు గడిచాయి. రోజూ పిల్లకు రొట్టె తుంచి పెట్టి, పక్కనే కూర్చుని పొట్ట నిమిరేది. సాయమ్మ రోజూ పొద్దున ఫోన్ చేసి, "తిన్నదా?" అని ఒక్కమాట అడిగి పెట్టేసేది. రక్తం పరీక్షలో అనుమానం నిజమైంది. హైదరాబాద్‌లో గొట్టం పరీక్ష కూడా అదే చెప్పింది.

ఆదివారం పొద్దున అందరూ వనపర్తి ఇంట్లో కూర్చున్నారు. శ్రవణ్ కాగితం చదివాడు. "గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమియా ఏవీ వద్దు. బతికినన్ని దినాలు." మొదటి వరుసే మళ్ళీ చదువుకున్నాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "ఆనాడు నేనట్ల అనకుండ ఉండాల్సింది ఉమా" అన్నాడు, అందరి ముందే.

ఉమ తల వంచుకుని పిల్ల జడ అల్లుతోంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"గింకొకటి" అన్నాడు శ్రవణ్. "పిండి గిర్నీల గోధుమలు పట్టినంక జొన్నలు పడితే, ఆ పిండి గూడ పడదట. ఈ ఊర్ల అన్ని గిర్నీలు గంతే."

"ఇసుర్రాయి ఉన్నది గద తెలకపల్లిల" అంది సాయమ్మ. "పిండి ఇసిరి పంపుత. కొట్టుడు మాత్రం ఉమనే. ఇరిగితే ఇరగనీ. ఇరిగినవి అందరం తిందం."

తేజస్విని తల్లి చేతుల నుంచి జడ లాక్కుని అందరినీ చూసింది. "అయితే నేను ఎవరింట్ల ఉండాలె?"

"మీ అమ్మ దగ్గర్నే" అంది సాయమ్మ. "ఇంకేడుంటవ్?"

ఉమ పిల్లను దగ్గరికి లాక్కుని ఆ జుట్టులో ముఖం దాచుకుంది.

అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న పెంటయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన నోటివెంట మాట రావడమే తక్కువ. అందరూ అటు తిరిగారు.

"యాసంగి పంటకు పల్లి ఎయ్యను" అన్నాడు. "మోటరు కింద రెండెకరాలు తెల్లజొన్న పెడుత. ఇగ ప్రతి ఏడు అంతే."

"పిట్టలు తింటయ్ గద తాతా?" అంది తేజస్విని.

"తింటయ్."

"నాయినా, ఈసారి పల్లికి మంచి రేటున్నదంటున్రు" అన్నాడు శ్రవణ్.

"ఉండనీ" అన్నాడు పెంటయ్య.