చప్పటి హలీమ్

రంజాన్ ఉపవాసానికి ముందు తినే సహరీ ముగించి, నమాజు చదువుకుని, ఫజిలత్ వాకిట్లో హలీమ్ పొయ్యి వెలిగించింది. కొడుకు సలీం భార్య అనీసా గరిటె అందుకోబోతే చప్పున లాక్కుంది.

"లోపలికి పో బేటా, మళ్లీ దడ పుడతది. రేపు సలీం నిన్ను ఎర్రుపాలెం దింపుతడు. పండగ దాకా మీ అమ్మ దగ్గర కూసో."

చలికాలం నుంచి అనీసాకు ఉన్నట్టుండి గుండె కొట్టుకునేది, చేతులు వణికేవి. గుండెకేం లేదు, ఆందోళనే అన్నారు డాక్టర్లు. పొయ్యి దగ్గర పడిపోతే ఎట్లా అన్న భయంతో ఫజిలత్ ఆమెను ఏ పనీ ముట్టనివ్వలేదు.

రోజా ఉపవాసం ఉండి ఆ ఇంట్లో ఎవరూ వంట రుచి చూడరు. ఏటా ఆవిరి వాసన పట్టి ఉప్పు చాలిందో లేదో చెప్పేది అనీసానే. ఈసారి ఆ పని పక్కింటి నాగలతకు అప్పజెప్పారు. క్వార్టర్ల నుంచి హలీమ్ కొనడానికి వచ్చే జనం మాత్రం రోజురోజుకూ తగ్గుతున్నారు.

"నేను పోను అమ్మీ," అంది అనీసా. "దడ లేనప్పుడు నీకు బాగా వచ్చే పని ఏందని అడిగింది కౌన్సెలింగ్ సరళ మేడం. హలీమ్ చేసుడు అని చెప్పిన. అదే చెయ్యి, దడ వస్తే రానీ, చేతులు ఆపకు అన్నది."

"పడిపోతే మీ అమ్మకు ఏం చెప్పాలె నేను?"

"ఊకె కూసుంటే నాకు దడ తప్ప ఇంకేం వినపడతలేదు అమ్మీ."



మధ్యాహ్నం నాగలత చెంచాడు నోట్లో వేసుకుంది. "ఉప్పు కరెక్ట్ వదినా."

అనీసా పెద్ద డేగ్ గిన్నె మీదికి వంగి ఆవిరి పీల్చింది. "లేదక్కా, ఇంకో గుప్పెడు పడాలె."

"నాకైతే ఎక్కువే అనిపిస్తంది. బీపీ అని డాక్టరు ఉప్పు బంద్ పెట్టిండు గదా, ఇంట్ల అంతా చప్పిడి కూడే."

సలీం నవ్వు ఆపుకోలేక పొయ్యి పక్కన కూలబడ్డాడు. "గీమెకా అమ్మీ, మనం ఉప్పు చూడమన్నది?"

నవ్వులు ఆగకముందే అనీసా చేతులు వణకడం మొదలైంది. ఫజిలత్ పరుగున వచ్చింది, కానీ ఈసారి లోపలికి పంపలేదు. మాంసం మెదిపే కట్టె ఆమె చేతికిచ్చి, దాన్ని తానూ పట్టుకుంది. ఇద్దరూ కలిసి దంచుతుంటే ఆ దెబ్బల వరసలో అనీసా ఊపిరి మెల్లగా కుదురుకుంది. తనే ఇంకో గుప్పెడు ఉప్పు వేసింది.

పొద్దుగూకి రోజా విడిచే మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఖర్జూరం తిని ఫజిలత్ హలీమ్ నోట్లో పెట్టుకుంది. పోయినేటి రుచి. ఇన్ని నెలలు ఈ పిల్లను దాచిపెట్టి తానేం చేసిందో అప్పుడు అర్థమై, కళ్ల నీళ్లు గిన్నెలో రాలాయి.

అనీసా గిన్నె పక్కకు జరిపింది. "ఏడ్వకుర్రి అమ్మీ, ఉప్పు ఎక్కువైతది."