రెండో గిన్నెలో ఎనిమిది

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు ఆడవాళ్లు. వంటింట్లో పిన్ని. వరండాలో గోళ్లకు రంగు వేసుకుంటూ పిన్ని చెల్లెలు, వీధి వీధంతా ‘సెంటు’ అని పిలిచే మనిషి. మేడమీద గదిలో పరీక్షలకు చదువుకుంటున్న అద్దెపిల్ల. పిన్ని భర్త, ఇంటి యజమాని బాబాయి తెల్లవారగానే ఆఫీసుకు వెళ్లిపోయాడు. దేశంలో పప్పుధాన్యాల లెక్క తేల్చే పెద్ద ఆఫీసరాయన. మూడు నెలలకోసారి ఆయన్ని ఒక గదిలో కూర్చోబెట్టి బయట తాళం వేస్తారు. లెక్క రేడియోలో వచ్చేదాకా తియ్యరు.

అద్దెపిల్లకు పరీక్షలేమీ లేవు. ఆమె పుస్తకంలో పేజీల మధ్య ట్రాన్స్‌మిటర్ ఉంది. డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు ఏజెంట్ పెసర.

ఎనిమిదింటికి పుస్తకం గుర్రుమంది.

“పెసలు నానాయా?” బాస్ గొంతు.

“మొలకలొచ్చాయి.”

“గుడ్. పన్నెండింటికి ఫిగర్ రిలీజ్. పోయిన రెండుసార్లూ విదేశీ ముఠాకి అది పదింటికే అందింది. పంట తక్కువని తెలియగానే గోడౌన్లు ఊడ్చేశారు. మూడో రోజుకి రేటు రెట్టింపు. ఈసారి అందితే నీకూ నాకూ ఉద్యోగాలుండవు.”

ఉద్యోగం సంగతి పెసరకు గుర్తు రాలేదు. వీధి చివర షాపులో ఒకావిడ కిలో పప్పు అడిగి, రేటు విని, పావుకిలోకి దిగి, చివరకు సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోవడం గుర్తొచ్చింది.

“సార్, ఒక రిక్వెస్ట్. బాబాయిని వదిలేద్దాం. ఆయన ముఠాకి చెప్పడం లేదు. పిన్నికి చెప్పుకుంటున్నారు.”

“ఆ గది బయట ఉన్నవాళ్లంతా రూల్ ప్రకారం బయటివాళ్లే. పెళ్లాం కూడా. ఓవర్.”

ఆ రహస్యం పెసర కనిపెట్టింది కాదు. నాలుగు రోజుల కిందట పిన్నే చెప్పింది, వరండా మెట్ల మీద కూర్చోబెట్టి జడ వేస్తూ.

“ఎవరితోనూ అనకు తల్లీ. మా చేను ఎండిపోయిన ఏడు, దేశమంతా బ్రహ్మాండంగా పండిందని రేడియోలో చెప్పారు. ‘నాకొక్కడికే పండలేదా’ అని మా నాన్న మంచం పట్టాడు. మళ్లీ లేవలేదు. ఆ వార్త వస్తుంటే నాకిప్పటికీ దడే. అందుకని మీ బాబాయి ముందే చెప్పేస్తారు.”

“తాళం వేసిన గదిలోంచా?”

“క్యారేజీలో. మూడు గిన్నెల్లోనూ కాసిని బీన్స్ గింజలు మిగులుస్తారు. పై గిన్నెలో పదులు, నడిమి దాంట్లో ఒకట్లు, అడుగున పాయింటు తర్వాతది. లోపలికెళ్లే క్యారేజీని గార్డు తిరగేసి బోర్లేసి చూస్తాడు. బయటికొచ్చే ఎంగిలి ఎవడు లెక్కపెడతాడు? ముప్పై ఏళ్లుగా క్యారేజీ తెచ్చే బంట్రోతు నా వంట బాగోదనే అనుకుంటున్నాడు.” పిన్ని నవ్వింది. నవ్వుతూనే జడ బిగించింది.

ఆ సాయంత్రమే పెసర రిపోర్టు పంపింది. జడ ఇంకా బిగుతుగానే ఉంది.

మిగతాది తేలిగ్గానే తెలిసిపోయింది. సెంటు ఒకప్పుడు డిపార్ట్‌మెంట్ మనిషే. ఇప్పుడు అటూ ఇటూ రెండువైపులా పని చేస్తోంది. తాగిన గ్లాసు ఏనాడూ కడగని ఆ మనిషి, మూడు నెలలకోసారి మాత్రం “నేను తోముతాలే అక్కా” అని క్యారేజీ పట్టుకుని పెరట్లోకి పోతుంది. ఆవిడ ట్రాన్స్‌మిటర్ లిప్‌స్టిక్కులో ఉంటుంది.

పదింటికి గేటు దగ్గర బంట్రోతు సైకిల్ బెల్లు. గోళ్ల రంగు ఆరని సెంటు లేవడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. పెసర రెండేసి మెట్లు దిగి క్యారేజీ అందుకుంది. మెట్ల కింద చీకట్లో మూతలు తీసింది. పై గిన్నెలో ఒకటి. రెండో గిన్నెలో ఎనిమిది. అడుగున ఆరు. పద్దెనిమిది పాయింట్ ఆరు మిలియన్ టన్నులు. పంట బాగా పండింది.

నడిమి గిన్నెలోంచి ఒకటి నోట్లో వేసుకుంది. రెండు. మూడు. హైహీల్స్ చప్పుడు దగ్గరకొచ్చింది. నాలుగు. మూత పెడుతూ ఐదోది నోట్లో వేసుకుంది. ఎర్రగోళ్ల చెయ్యి క్యారేజీ మీద పడింది.

“చదువుకునే పిల్లవి, నీకెందుకే ఈ చాకిరీ?” అంది సెంటు.

పెసర తల అడ్డంగా ఊపింది. నోట్లో దేశరహస్యం ఉంది.

వంటింట్లో పిన్ని ఒక్కో గిన్నే తీసి చూసుకుంది. నడిమి గిన్నె దగ్గర ఆగిపోయింది. “పదమూడేనా,” అంది తనలో తాను. “ఎన్ని చేలు ఎండిపోయాయో. ఎందరు మంచం పట్టారో.” పీట మీద కూర్చుండిపోయి చెంగుతో కళ్లొత్తుకుంది. నిజం చెప్పడానికి పెసర నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. తోముతానని సెంటు క్యారేజీ పట్టుకుపోయింది. పెరట్లోంచి లిప్‌స్టిక్ మూత తీసిన టిక్కుమనే చప్పుడు వినిపించింది.

కరువనుకున్న ముఠా రెండు గంటల్లో దొరికిన పప్పంతా, చెప్పిన రేటుకల్లా కొనేసింది. పన్నెండింటికి రేడియోలో ఫిగర్ వచ్చింది. పద్దెనిమిది పాయింట్ ఆరు. ఒంటిగంటకి రేటు సగానికి పడింది, ముఠా నడుం విరిగింది. సెంటు కోసం గేటు ముందు డిపార్ట్‌మెంట్ జీపు ఆగింది.

జీపెక్కుతూ సెంటు నవ్వింది. “నాకూ నీకూ తేడా ఏముందే? నేను తోమాను. నువ్వు తిన్నావు.”

జీపు పోయాక పెసర వరండా మెట్లెక్కింది. పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. లోపల రేడియో ఆపేసి ఉంది.

“మీ బాబాయి?”

“ఇప్పుడే రారు పిన్నీ. ఎంక్వైరీ ఉంటుంది.”

“ఇంకా రెండు నెలలే ఉంది ఆయన రిటైర్మెంటుకి.” అంది పిన్ని. “ముప్పై ఏళ్లలో ఒక్క గింజ అబద్ధం చెప్పలేదు నాకు. రేడియోలో పద్దెనిమిది అనగానే ఒక్క నిమిషం ఆయన్నే అనుమానించాను. తర్వాత, ఈ సంగతి నేనెవరికి చెప్పానో గుర్తొచ్చింది. ఎన్ని తిన్నావు?”

“ఐదు.”

“ఉప్పు సరిపోయిందా?”

“సరిపోయింది పిన్నీ.”

పిన్ని తలూపింది. చప్పుడు కాకుండా తలుపు మూసింది.