మూడడుగుల లోపు

మంగళవారం మధ్యాహ్నం 2:50. బలసముద్రంలో తిమ్మక్క చనిపోయి కనిపించింది. వయసు డెబ్బై ఒకటి. ఊపిరితిత్తుల జబ్బు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. మిషన్ నడుస్తోంది.

కోడలు వినుత పన్నెండున్నర దాటాక ఇంటికి తాళం వేసి మందులకు పావగడ వెళ్లింది. తిరిగి వచ్చి తాళం తీసింది. ఆమే మొదట చూసింది.

డాక్టర్ ఎస్‌ఐ రంగప్పకు చెప్పింది ఒక్కటే. ఆక్సిజన్ అందలేదు. ప్రాణం పోయి గంట దాటింది.

మిషన్‌లో లోపం లేదు. సబ్‌స్టేషన్‌లో అడిగారు. ఆ రోజు ఊళ్లో కరెంటు పోలేదు.

కొడుకు భరత్‌కుమార్ సోలార్ పార్కులో సూపర్‌వైజర్. కొత్త ఇంట్లో లైట్లు, సాకెట్లు అతని ఫోన్‌తో పనిచేస్తాయి. కంప్లైంట్ ఇచ్చింది అతనే. భార్య మీద.

"ఆపేసి పోయింది సార్. వచ్చి మళ్లీ వేసింది. తాళంచెవి ఆమెకాడే ఉండాది."

"నేనెందుకు ఆపుతానప్పా?" అంది వినుత. "నాలుగేండ్లు ఆమెకు నీళ్లు పోసింది యారు?"

"అత్తతో గొడవలు ఉండేవా?" అడిగాడు రంగప్ప.

"ఉండేవి సార్. యాడ ఉండవు?"

బుధవారం సాయంత్రానికి తేలకపోతే ఎఫ్‌ఐఆర్‌లో వినుత పేరు చేరుతుంది. ఆమెకు బడికి పోయే ఐదేళ్ల కూతురు ఉంది.

బుధవారం పొద్దున రంగప్ప పక్కింటి కెంచమ్మను పిలిచాడు.

"నిన్న ఏమన్నా వినపడిందా?"

"కూసింది సార్. ఒంటిగంట దాటినాక. చానాసేపు."

"పోయి చూడలేదా?"

"ఆ ఇల్లు పొద్దంతా కూస్తానే ఉంటాది. తలుపు తీస్తే కూస్తాది, మేక దూరితే కూస్తాది. ఎన్నిసార్లని పోవల్ల?"

కరెంటు ఆగితే ఆక్సిజన్ మిషన్ కూస్తుంది. అంటే తాళం వేసిన ఇంట్లో కరెంటు ఆగింది.

రంగప్ప హాల్లోకి వెళ్లాడు. మంచానికి ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. నేల మీద చాప. పక్కన గొర్రెపిల్లల పెంటికలు.

"మంచం యారిది?"

"అమ్మకని తెచ్చినా సార్," అన్నాడు భరత్‌కుమార్. "ఎక్కలేదు."

"కాలు జారి పడినాక ఆమె లేచి నిలబడలేదు సార్," అంది వినుత. "కూర్చునే జరుగుతా ఉండె."

"గొర్రెపిల్లలు?"

"అమ్మ ఈడనే కట్టేస్తాది," అన్నాడు భరత్‌కుమార్. "అవి కదిలితే చాలు, రాత్రంతా లైటు వెలుగుతా ఉండె. కదలిక పట్టే సెన్సార్ సెట్టింగ్ మార్చినా."

"ఏం మార్చినావు?"

"నేలనుంచి మూడడుగుల ఎత్తు లోపు కదిలేది లెక్కలోకి రాదు."

రంగప్ప మిషన్ సాకెట్‌లో టేబుల్ ల్యాంప్ పెట్టాడు. చాప మీద కూర్చున్నాడు. అందర్నీ బయటికి పంపి తాళం వేయించాడు. భరత్‌కుమార్ ఫోన్ కానిస్టేబుల్ చేతిలో ఉంది.

రంగప్ప చాప నుంచి నీళ్ల బిందె దాకా కూర్చునే జరిగాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. అరగంట అలాగే చేశాడు.

బయట ఫోన్ మోగింది. కానిస్టేబుల్ గట్టిగా చదివాడు.

"ఇంట్లో ఎవరూ లేరు. కరెంటు ఆపాలా?"

"అవునని నొక్కు," అన్నాడు రంగప్ప లోపలినుంచి.

ల్యాంప్ ఆరిపోయింది.

"ఇప్పుడు తాళం తీ."

తలుపు తెరుచుకుంది. ల్యాంప్ వెలిగింది.

రంగప్ప నేల మీదినుంచి లేవలేదు. "వినుత ఇంట్లో నడుస్తా ఉంటే ఈ మెసేజ్ రాదు. నిన్న ఆ వేళ ఆమె లేదు. ఉండేది తిమ్మక్క ఒక్కతే. సెన్సార్‌కు ఆమె లేనట్టే. వినుత వచ్చి తలుపు తీసింది, మిషన్ మళ్లీ నడిచింది."

రంగప్ప భరత్‌కుమార్ వైపు తిరిగాడు.

"నిన్న నీకు ఈ మెసేజ్ వచ్చిందా?"

"దినాం నలభై వస్తాయి సార్. ప్యానెళ్లకాడ ఉంటి. చూసినట్టు గుర్తులేదు."

"పావగడకు పోతాండానని పొద్దున నీకు చెప్పినా గదా?" అంది వినుత. "మీయమ్మ ఇంట్లోనే ఉండాదని నీకు తెలీదా?"



రంగప్ప కానిస్టేబుల్ చేతిలోంచి ఫోన్ తీసుకుని పాత మెసేజ్‌లు తెరిచాడు.

మంగళవారం 1:12కి ప్రశ్న వచ్చింది. 1:13కి ఆ ఫోన్ నుంచే జవాబు వెళ్లింది. అవును.