గాజు మీద తడి ఆరకూడదు

"నీకు కిటికీలు కడగడం వచ్చా?" అని అడిగాడు చీఫ్.

ఏజెంట్ తను సరిగ్గానే విన్నాడా అని చీఫ్‌కేసి చూశాడు. అర్జెంటుగా రమ్మంటే ఎవరినో కాల్చమంటారనో, ఎక్కడినుంచో దూకమంటారనో దారి పొడుగునా భయపడుతూ వచ్చాడు. డిపార్టుమెంటులో అతన్ని అందరూ 'వణుకు' అని పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఇన్నేళ్ల సర్వీసులో అతను భయపడకుండా చేసిన పని ఒక్కటీ లేదు. చిత్రమేమిటంటే చెయ్యకుండా పారిపోయిందీ లేదు.

"రాదు సార్. ఎత్తంటే నాకు కళ్లు తిరుగుతాయి."

"ఎక్కక్కర్లేదు. నేలమీదే నిలబడి పోల్‌తో కడుగుతావు. పోల్ చివర బ్రష్, బ్రష్‌లోంచి నీళ్లు."

అది ఒక టైలర్ షాపు వెనక గది. కుట్టిన కోట్లు తాడుకి వేలాడుతున్నాయి. వాటి మధ్య స్టూలు మీద కూర్చున్న చీఫ్ గొంతు తగ్గించాడు.

"ఎల్లుండి పొద్దున ఇన్సూరెన్స్ ఆఫీసు మూడో అంతస్తులో మీటింగు. నేనూ, ఇంకో పెద్దమనిషీ. మీ చెల్లెలిని దాచింది ఆయనే. ఎక్కడ దాచాడో నోటితోనే చెప్తాడట. కాగితం మీద పెట్టడు, ఫోనులో చెప్పడు."

వణుకు చెల్లెలు ఒక విదేశీ ముఠా ఆఫీసులో టైపిస్టుగా చేరి, వాళ్ల గుట్టంతా ఇటు చేరవేసింది. ఈమధ్యే వాళ్లకి తెలిసిపోయింది. అప్పటినుంచి మనిషి కనబడలేదు. బతికుందన్న మాట తప్ప అతని దగ్గర ఇంకేమీ లేదు.

"మరి చిక్కేమిటి సార్?"

"ఎదురు మేడలో వాళ్ల లేజర్ ఉంది. గదిలో మాట్లాడుతుంటే కిటికీ గాజు సన్నగా అదురుతుంది. ఆ అదురుని చదివి లేజర్ మళ్లీ మాటలుగా మారుస్తుంది. అడ్రస్ మనతోపాటే వాళ్లకీ తెలుస్తుంది. మనకంటే ముందు వాళ్లు వెళ్లారనుకో..." చీఫ్ ఆ మాట పూర్తి చెయ్యలేదు.

"గది మార్చండి సార్, మీకు దణ్ణం పెడతాను."

"ఆయన ఒప్పుకోడు. అసలే బెదురు మనిషి. గది మార్చినా, కిటికీ మీద ఠక్కుమని చప్పుడైనా లేచి వెళ్లిపోతాడు. వెళ్తే మళ్లీ దొరకడు. అందుకే నీళ్లు. గాజు మీద నీళ్లు పొరలా జారుతున్నంతసేపూ లేజర్‌కి గరగర తప్ప ఏమీ వినబడదు. ఎలాగూ అది ఆ ఆఫీసువాళ్లు కిటికీలు కడిగించే రోజే. అడ్రస్ చెప్పడం అయిపోగానే నేను తెర దించుతాను. అంతవరకూ గాజు ఆరకూడదు."

"నాకు తోడెవరు?"

"మన డిపార్టుమెంటు నెమలే. సూపర్‌వైజర్ వేషంలో వస్తుంది."

మర్నాడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా వణుకు ఒక కంట్రాక్టరు గొడౌన్‌లో ఖాళీ గోడలు కడిగాడు. ట్రాలీలో ట్యాంకు, పంపు, బ్యాటరీ. వాటి మీద చిన్న పెట్టె, ఫ్లో కంట్రోలర్. అందులో అంకె పెంచితే ధార పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. చేతిలో దానికో రిమోట్.

"కిటికీ నుంచి కిటికీకి మారేటప్పుడు నీళ్లు ఆపెయ్యాలి తమ్ముడూ," అన్నాడు కంట్రాక్టరు. "లేకపోతే సగం ట్యాంకు గోడలే తాగేస్తాయి."

"ఆపకుండా పోస్తూనే ఉంటే?"

"ఎందుకు పోస్తావయ్యా ఆపకుండా? నీకేమన్నా పిచ్చా?"

వణుకు నవ్వేసి మళ్లీ గోడ మీదికి బ్రష్ ఎత్తాడు. సాయంత్రానికి తనకి కావలసిన అంకె దొరికింది. నలభై. అంతకంటే పెంచితే మీటింగు మధ్యలోనే ట్యాంకు అడుగంటుతుంది. తగ్గిస్తే నీటి పొర చీలి పాయలవుతుంది, పాయల మధ్య గాజు ఆరుతుంది. ఆరినచోట చెల్లెలి ప్రాణం ఉంటుంది. ఆ రాత్రి అతనికి కునుకు పట్టలేదు.

ఇన్సూరెన్స్ ఆఫీసు ఉన్నది ఇరుకు సందులో. సందు మొగలో ఎవరో ఇద్దరు కారు టైరు మారుస్తున్నారు. వణుకు పోల్ గొట్టాలన్నీ సాగదీసి, పైన బ్రష్‌ని కిటికీ ఫ్రేముకి మెల్లగా ఆనించాడు. నీళ్లు గాజంతా పరుచుకుని జారాయి. లోపల చీఫ్ బట్టతల, దాని ఎదురుగా ఒక ముసలాయన టోపీ మసగ్గా కనబడుతున్నాయి. వెనక్కి తిరిగి చూడకూడదనుకుంటూనే చూశాడు. ఎదురు మేడ మూడో అంతస్తులో ఒక కిటికీ బార్లా తెరిచి ఉంది. తెర మాత్రం వేసి ఉంది. గాలి లేదు, అయినా తెర కదిలింది. అతని నోట్లో తడి ఆరిపోయింది.

"పిట్టలొచ్చి గాజుని కొట్టుకుంటున్నాయా?" అని వెనకనుంచి ఒక తియ్యటి గొంతు.

"ఎండ ఉన్నప్పుడే," అన్నాడు వణుకు. కోడ్ వర్డ్ సరిపోయింది. ప్రాణం లేచొచ్చింది.

నెమలి పొడుగాటి కోటు వేసుకుంది. సూపర్‌వైజర్ బ్యాడ్జీ కూడా ఆమె మీద నగలాగే ఉంది. ఆమె నవ్వితే డిపార్టుమెంటులో సగంమందికి ఫైళ్లు చేతుల్లోంచి జారిపోతాయి.

"చెమటలు పట్టాయేంటి? నేనున్నాగా," అంది.

"మీరొచ్చారు, అదే చాలు మేడమ్."

అలా అంటూ కంట్రోలర్ వైపు చూశాడు. అంకె ముప్పై ఆరు.

రిమోట్ నొక్కి నలభైకి తెచ్చాడు. ముప్పై నాలుగైంది. మళ్లీ నొక్కాడు. ముప్పైకి పడింది. పైన నీటి పొర చీలింది.

"బ్యాటరీ డౌన్ అయినట్టుంది," అంది నెమలి.

బ్యాటరీ లైటు పచ్చగా వెలుగుతోంది. వణుకు ఆమె ముఖం వైపు చూడలేదు, కోటు జేబు వైపు చూశాడు. జేబులో బొటనవేలు కదులుతోంది. అది కదిలినప్పుడల్లా ఇక్కడ ఒక అంకె తగ్గుతోంది. పనివాళ్లు నీళ్లు పారబోస్తే ఆపడానికి సూపర్‌వైజర్ దగ్గర ఇంకో రిమోట్ ఉంటుంది. వేషంతోపాటు అదీ ఆమె చేతికొచ్చింది! ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటిదొంగని పట్టింది ఆమె బొటనవేలే.

అరిస్తే ముసలాయన లేచిపోతాడు. ఊరుకుంటే గాజు ఆరిపోతుంది. లోపల టోపీ ఏదో చెప్పబోతున్నట్టు ముందుకి వంగుతోంది.

వణుకుకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పోల్‌ని భుజానికి ఆనించుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు. పంపు వైర్లు రెండూ కంట్రోలర్ నుంచి పీకి, నేరుగా బ్యాటరీకి తగిలించాడు. పెట్టెలో అంకెలు ఆరిపోయాయి. పంపు గయ్యిమంది. నీళ్లు పైకి ఎగదన్నాయి. ఇక ఏ రిమోటూ పనిచెయ్యదు.

కానీ ఈ జోరుకి ట్యాంకు ఎంతోసేపు రాదు. లేచి నిలబడి, ఒక చేత్తో పోల్ పట్టుకుని, రెండో చేత్తో హోస్‌ని మడిచి పిడికిట్లో నొక్కాడు. ధార తగ్గింది. పొర మళ్లీ గాజంతా పరుచుకుంది. పిడికిలి కాస్త వదులైతే నీళ్లు అయిపోతాయి, కాస్త బిగిస్తే గాజు ఆరిపోతుంది. ఆ చెయ్యి చూస్తే జ్వరమొచ్చినట్టు వణుకుతోంది.

పక్కటెముకల్లో ఏదో గట్టిగా గుచ్చుకుంది. నెమలి హ్యాండ్‌బ్యాగ్ అది. లోపల సైలెన్సర్ తగిలించిన పిస్టల్.

"ఆ హోస్ వదిలెయ్," అంది నెమ్మదిగా. గొంతులో తీపి పోయింది.

"మేడమ్, నాకు చచ్చేంత భయంగా ఉంది."

"తెలుసు. అందుకే మర్యాదగా చెప్తున్నా."

"అది నా చెల్లెలండీ. చిన్నప్పుడు దానికి జడలు కూడా నేనే వేసేవాణ్ని."

"నాకనవసరం. ఆ పోలూ వదులు, హోసూ వదులు. చేతులు పైకెత్తు. ఊఁ!"

ఆ పని తెలిసిన వాళ్లెవరూ నిలబెట్టిన పోల్‌ని వదిలెయ్యమనరు. నెమలికి తెలిసిందల్లా రిమోట్. వణుకు ఒక్కసారి కళ్లు మూసుకున్నాడు. పోల్‌ని భుజంతో కొంచెం, కొంచెమే, వెనక్కి లాగాడు. తర్వాత బుద్ధిగా ఆమె చెప్పినట్టే రెండూ వదిలేసి చేతులెత్తాడు.

పోల్ గాజుని వదిలి వెనక్కి వాలింది. సందు ఇరుకు, పోల్ పొడుగు. బ్రష్ సూటిగా ఎదురు మేడ మూడో అంతస్తుకి వెళ్లి, బార్లా తెరిచిన కిటికీలో తెరతో సహా దూరింది. మడత విప్పుకున్న హోస్ ఉన్న నీళ్లన్నీ ఒక్కసారిగా ఆ గదిలో కుమ్మరించింది. లోపల ఏదో చిటపటలాడి పొగ వచ్చింది. ఎవరో పరాయి భాషలో గావుకేక పెట్టారు. ఏం తిట్టారో వణుకుకి అర్థం కాలేదు, మనసుకి మాత్రం హాయిగా ఉంది.

నెమలి తలెత్తి పైకి చూసింది. ఆ ఒక్క క్షణం చాలు. సందు మొగలో కారు టైరు మారుస్తున్నట్టు నటిస్తున్న ఆ ఇద్దరు డిపార్టుమెంటు మనుషులూ వచ్చి ఆమె రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నారు.

ట్యాంకు గుటగుటమని ఊరుకుంది. పైన గాజు ఆరడం మొదలైంది. వణుకు చేతులు దించడం మరిచిపోయి దానికేసి చూస్తూ నిలబడ్డాడు.

మూడో అంతస్తులో తెర దిగింది.

సాయంత్రం టైలర్ షాపు వెనక గదిలో చీఫ్ అతని భుజం తట్టాడు. "నెమలి మీద నాకెప్పటినుంచో అనుమానం. రుజువు లేక..."

"అంటే నన్ను ఎరగా వేశారా?" వణుకు జీవితంలో మొదటిసారి చీఫ్ మీద కేకలేశాడు. "నేనక్కడ చచ్చుంటే?"

"నువ్వు చావవులేవయ్యా. భయమున్నవాడు జాగ్రత్తగా ఉంటాడు."

వణుకు ఇంకా ఏదో అనబోయాడు. తలుపు తెరుచుకుంది. చిక్కిపోయిన ముఖంతో, ఎవరిదో వదులు చొక్కా తొడుక్కుని చెల్లెలు లోపలికి వచ్చింది. వణుకు కోట్ల మధ్యనే నేలమీద చతికిలబడి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె పక్కనే కూర్చుని, అతని తల ఒళ్లోకి తీసుకుని, చీఫ్ చెప్పిందంతా విన్నది. విని చాలాసేపు నమ్మలేదు.

"నిజంగా నువ్వేనా?" అంది కళ్లు తుడుచుకుంటూ. "తిన్న కంచం కూడా తియ్యవు కదరా అన్నయ్యా, మూడో అంతస్తు కిటికీలు కడిగావా!"