ఎర్ర ఇంటి మలుపులో ఆగే కారు

కనుమ దారిలో ఆ ఎర్ర ఇంటి మలుపుకి మంచి పేరు లేదు.

ఒకప్పుడు ఆ ఇంట్లో రోడ్డు కాపలాదారు ఉండేవాడు. తుల్లియో అని. మంచు తవ్వడం, కొండ మీంచి రాళ్ళు దొర్లితే పక్కకి లాగడం అతని పని. ఒక చలికాలం రాత్రి, హారన్ కొట్టకుండా మలుపు తిరిగిన లారీ కింద పడి చనిపోయాడు. అప్పట్నుంచి ఇల్లు ఖాళీ. కిటికీ రెక్కలు మూసినవి మూసినట్టే ఉన్నాయి...

రాత్రిపూట అటు వెళ్ళేవాళ్ళు అద్దాలు పైకెత్తుకుని, గుండె మీద శిలువ గుర్తు వేసుకుని, మలుపుకి ముందే హారన్ కొడతారు. కొట్టనివాళ్ళ బండి అక్కడ ఆగిపోతుందట. ఆగితే తుల్లియో వచ్చి పక్క సీట్లో కూర్చుంటాడట.

మరి అద్దాలెత్తినా పైన కప్పే లేని కారైతే? ఎర్సీలియా కారు అలాంటిది.

నలభై దాటిన మనిషి, దుకాణాల ముందు కట్టే ఎండ గుడ్డలు కుట్టి బతికే మనిషి, ఉన్నట్టుండి పాతికేళ్ళ నాటి రెండు సీట్ల కారు కొనుక్కొచ్చింది. కప్పు మడిచి వెనక్కి పడేసే రకం. మా ఊరు మోంతెఫోస్కోలో దాన్ని స్పైడర్ అంటారు. చిన్నప్పుడు నాన్న పక్కన, తర్వాత మొగుడి పక్కన, మొగుడు పోయాక అన్న పక్కన కూర్చుని తిరిగింది ఆవిడ. స్టీరింగ్ తన చేతికి రావడం అదే మొదలు. దాన్నిక ప్రాణం పోయినా వదలదల్చుకోలేదు.

అన్న ఒరెస్తేకి ఊళ్ళో గరాజ్ ఉంది. కారు చూసి పెదవి విరిచాడు. తుప్పు గీకేస్తే మిగిలేది హారనేనన్నాడు. పట్నంలో పాత కార్ల పిచ్చున్న ఒకాయన తెలుసు, అమ్మేయమన్నాడు.

"నా కారు మీద చెయ్యి వెయ్యకు అన్నయ్యా. నేనే చూసుకుంటా," అంది ఎర్సీలియా.

ఒరెస్తే వెయ్యలేదు.

ఆవిడే కార్బ్యురేటర్ విప్పి వంటింటి బల్ల మీద పరిచింది. పాస్తా ఉడికించే గిన్నెలో నట్లు నానేసింది. ఒకసారి బ్రేకు గొట్టం తిరగేసి బిగించి, పక్కింటి కంచె పడగొట్టి, మళ్ళీ విప్పింది. కప్పుకి గుడ్డ తనే కుట్టింది. అంతా అయ్యాక, ముచ్చటపడి, సంతలో తాళంచెవితో తెరిచే మెరుగు మూత కొని పెట్రోల్ టాంకుకి బిగించింది.

ఊళ్ళో తిరిగినంతసేపూ కారు బుద్ధిగా నడిచింది. కనుమ ఎక్కిందో... సరిగ్గా ఎర్ర ఇంటి దగ్గర దగ్గి, దగ్గి, ఆగిపోయింది. దారిన పోయే లారీవాడితో కబురంపితే ఒరెస్తే తాడు పట్టుకుని వచ్చాడు. తాళంచెవి తిప్పాడు. మొదటి తిప్పుకే కారు బుర్రుమంది!

ఇంకోసారీ అలాగే జరిగింది. చచ్చినా తుల్లియో ఒరెస్తే మాటే వింటాడని ఊరు పొట్టచెక్కలయ్యేలా నవ్వింది.

"ఒక్క హారన్ కొట్టవే తల్లీ, నీ సొమ్మేం పోతుంది?" అంది బార్ నడిపే నొర్మా.

"బతికున్నవాళ్ళ అనుమతి అడగడమే మానేశాను నొర్మా. ఇక చచ్చినవాళ్ళని అడుగుతానా?"

ఒరెస్తే గ్లాసు కింద పెట్టాడు. "ఈసారీ నేను తాడు పట్టుకుని రావాల్సొస్తే?"

"వస్తే కారు నీ పట్నం ఆయనకి ఇచ్చెయ్. ఇవాళ రాత్రే వెళ్తా. అవతలి ఊళ్ళో తిరునాళ్ళు. అక్కడి చీజ్ తెచ్చి ఈ బల్ల మీద పెడతా. హారన్ కొట్టను. కప్పూ వెయ్యను."

పదిమందిలో ఇచ్చిన మాట. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

ఆ రాత్రి చంద్రుడు లేడు. నెత్తి మీద గుడ్డముక్కయినా లేకుండా, చలిగాలి చెవులు కోస్తుంటే, ఆవిడ కనుమ ఎక్కింది. ఒక్కో మలుపూ కిందికి జారిపోతోంది... ఇంజన్ బాగానే ఉంది... బాగానే ఉంది...

దీపాల వెలుగులోకి ఎర్ర గోడ వచ్చింది.

హారన్ మీద చెయ్యి వెయ్యలేదు. పళ్ళు బిగించి మలుపు తిప్పింది—

కారు దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆగిపోయింది.

నిశ్శబ్దం... వేడెక్కిన ఇనుము మాత్రం టిక్కు, టిక్కుమంటోంది. పక్క సీటు వైపు చూడకూడదనుకుంది. చూసింది. ఖాళీగానే ఉంది. 

"తుల్లియో," అంది మెల్లగా, "నిన్ను తొక్కింది నేను కాదు. నా కారు నీకివ్వను."

కిటికీ రెక్క ఒకటి కిర్రుమంది. గాలేమో.

ఆవిడ దిగింది. పెట్రోల్ చూపించే ముల్లు ఎప్పుడూ నిజం చెప్పదు. నిండుగా ఉందంటోంది గానీ, పుల్ల ముంచి చూద్దామనుకుంది. తడుముకుంటూ కారు వెనక్కి వెళ్ళి, తాళం తిప్పి, మూత వదులు చేసింది.

హూఁఁఁఁ...

చేతి కిందే, ఎవరో ఎంతోసేపు ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా లోపలికి పీల్చుకున్నట్టు...

మూత చేతిలోంచి జారి రోడ్డు మీద దొర్లింది. ఆవిడ ఎలా వచ్చి సీట్లో పడిందో ఆవిడకే తెలీదు. తాళంచెవి తిప్పింది. నాలుగుసార్లు కొట్టుకుని ఇంజన్ అందుకుంది.

ఇంకొకరైతే అదే పోత పోయేవాళ్ళు. ఎర్సీలియా పోలేదు. కదలకుండా కూర్చుని ఆలోచించింది. తర్వాత మళ్ళీ దిగి, మూత వెతికి, పెదాలకి ఆనించి గట్టిగా ఊదింది. బుగ్గలు ఉబ్బాయే గాని గాలి ఇటునుంచి అటు పోలేదు.

నూనె డబ్బాకి ఒకే బెజ్జం పెడితే నూనె దిగదు. గాలి రావడానికి రెండోది పెట్టాలి. పాత మూతకి ఆ బెజ్జం ఉండేది. ఈ మెరుగు మూతకి లేదు. కనుమ ఎక్కేసరికి టాంకులో గాలి కరువై పెట్రోల్ ముందుకి రావడం మానేసేది. అన్న వచ్చేలోపు సందుల్లోంచి కాస్త గాలి జొరబడేది.

ఇన్నాళ్ళూ ఊపిరాడనిది తుల్లియోకి కాదు, కారుకి. ఆవిడ ఆ చీకట్లో ఒంటరిగా, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. టాంకు మూతిలో గుడ్డ వదులుగా కుక్కి, మూత జేబులో వేసుకుని, కనుమ దాటింది.

చీజ్ తెచ్చి బల్ల మీద పెట్టేసరికి బార్‌లో ఇంకా ఒక్కరూ ఇంటికి పోలేదు. ఒరెస్తే చీజ్ వైపు చూడలేదు. లేచి బయటికి నడిచాడు. ఎర్సీలియా గుమ్మంలో నిలబడి చూసింది.

ఆగిపోయే కారు దగ్గరికి ఏ మెకానిక్ వెళ్ళినా ముందు ఇంజన్ మూత ఎత్తుతాడు. ఒరెస్తే ఎత్తలేదు. తిన్నగా వెనక్కి వెళ్ళి, చీకట్లో, టాంకు మూతి మీదే చెయ్యి పెట్టాడు. చేతికి గుడ్డ తగిలింది. అలాగే ఉండిపోయాడు.

ఎర్సీలియా గుమ్మం దిగి అతని దగ్గరికి వచ్చింది.

"నీకు తెలుసు," అంది.

"మూతకి బెజ్జం లేదని సంతలో కొన్నరోజే చూశాను."

"చెప్పలేదేం?"

"చెయ్యి వెయ్యొద్దన్నావు. వేశానా?"

"చెయ్యి వెయ్యొద్దన్నాను. నోరు కుట్టుకోమన్నానా అన్నయ్యా?"

  ఎర్సీలియా స్టీరింగ్ ముందు కూర్చుని, చెయ్యి చాచి పక్క తలుపు తెరిచింది.

"కూర్చో. ఎర్ర ఇంటిదాకా వెళ్ళొద్దాం. ఎందుకు చెప్పలేదో ఆ కథేదో అక్కడ చెబుదువుగాని."

ఒరెస్తే కొండ వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "తాడు తెచ్చినప్పుడల్లా... నేను హారన్ కొట్టే వచ్చాను ఎర్సీలియా. నీకు తెలీదు. అక్కడ ఒకసారి..." మాట మధ్యలోనే ఆగింది. "పొద్దున్నే వెళ్దాం."

 అతను ఎక్కలేదు. ఆవిడ తలుపు లాక్కుని, కారు తిప్పి, మళ్ళీ కొండదారి పట్టింది.

జనం బార్ ముందు నిలబడి చూస్తుండిపోయారు. చాలాసేపటికి రెండు దీపాలు చిన్నగా ఎర్ర ఇంటి మలుపుకి చేరాయి. హారన్ వినబడలేదు.

దీపాలు ఆగాయి. ఆరిపోయాయి.

 ఒరెస్తే తాడు కోసం తన బండి వైపు పరుగెత్తాడు. తాడు భుజాన వేసుకుని నిలబడ్డాడే గాని బండెక్కలేదు... అంతలో దీపాలు వెలిగాయి. తాపీగా కిందికి దిగడం మొదలెట్టాయి.

కారు బార్ ముందుకొచ్చి నిలబడగానే నొర్మా ఎదురెళ్ళింది. "మళ్ళీ ఆగిందటే?"

"ఆగలేదు నొర్మా," అంది ఎర్సీలియా. "ఆపాను."