సీతారామ బండి టర్బో

బంగారు గని మట్టి పోసిన సైనైడు దిబ్బ వెనకాల పాత ఇనుము షెడ్డు ఒకటుండాది. దీపాలు పెట్టినాక ఆ పక్కకి కుక్క కూడా పోదు. లారీకి గుద్దుకుని సచ్చిపోయిన సీతారామ కారు అందులోనే పడుండాది. దాని ఇనుము ముట్టుకుంటే రక్తం కారతాదంట... చూసినోళ్లు లేరు, చెప్పేవాళ్లే అందురూ.

రాబర్ట్‌సన్‌పేట మెకానిక్ గంగప్పకి ఆ సాయంత్రం వేరే దారి లేకపోయింది. పెండ్లాం కుముదకి నెలలు నిండినాయి. తెల్లారేసరికి కోలారు ఆస్పత్రికి తెమ్మన్నారు. ఇంట్లో కారు చూస్తే, ఇంజను కక్కే నిప్పుసెగతో తిరిగే టర్బో పోయి పొగ కక్కుతాంది. సీతారామ కారుదీ అదే మోడలు. దాని టర్బో విప్పి షెడ్డులో మూల పెట్టి ఏండ్లయింది.

"యాలప్పా నీకీ పని?" అని గొణిగినాడు కాపలా చిన్నవెంకటప్ప. అయినా టార్చి పట్టినాడు.

గంగప్ప వేలుతో టర్బో లోపలి చక్రం తిప్పినాడు, తిరిగింది. ఎమరీ పేపరుతో రుద్దితే తుప్పు పైపైనే పోయింది. ఇంగ పోత ఇనుములో బీట ఉండాదా లేదా, అదొక్కటే చూడాల. కిరసనాయిలు పూసి నానబెట్టి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లితే చాలు. బీట ఉంటే అందులో దాగిన నూనె తెల్లపొడి మీద గీత మాదిరి ఊరతాది.

అట్లే పూసి, తుడిచి, చల్లినాడు. చూస్తా కూర్చున్నాడు...

గీత వచ్చింది — ఎర్రగా.

సన్నగా మొదలై, పొడవై, తడితడిగా...

"రక్తమప్పా," అన్నాడు చిన్నవెంకటప్ప గుసగుసగా. "సీతారామది... వదిలేయ్."

గంగప్ప లేచి వాకిలి దాకా పరిగెత్తినాడు. కుముద మొహం గుర్తుకొచ్చి ఆగినాడు. సచ్చినోడికి భయపడి కూర్చుంటే బతికుండేవాళ్లని ఎవురు చూస్తారు? వెనక్కొచ్చి, ఆ ఎరుపు వేలికి అంటించి వాసన చూసినాడు.

కుంకుమ.

"ఎవురు పెట్టినారు దీనికి?"

చిన్నవెంకటప్ప తల గోక్కున్నాడు. "నేనేప్పా. ఏటా ఆయుధపూజకి అన్నిటికీ పెడతా గదా... దీనికి ఇంకొంచెం ఎక్కువే, నీళ్లల్లో కలిపి పూసేది. వాడికి కోపం రాకూడదని."

ఇద్దురూ కడుపుబ్బ నవ్వినారు. కొండ తవ్వి ఎలకని పట్టినట్టాయె కథ!

గంగప్ప టర్బో సంకన పెట్టుకుని ఈల వేసుకుంటా ఇల్లు చేరినాడు. పాతది విప్పేసి, ఇది కూర్చోబెట్టి, స్పానరు తీసుకున్నాడు. పక్కనే ఆయిలు పైపు.

చెయ్యి ఆగిపోయింది.

కుంకుమ పైన పూసినాడు, సరే. పైనుండేదంతా తుడిచేసినాం గదా... మళ్లీ యాడనుంచి ఊరింది?

బీటలోంచి. దెయ్యమని పరిగెత్తి, కాదని నవ్వి, సుద్దపొడి దేనికి చల్లినాడో అదే మరిచిపోయినాడు. ఆ బీటలోంచి నిప్పుసెగ ఆయిలు పైపు మీద కొట్టి బండి అంటుకుంటే... కోలారు రోడ్డులో... వెనక సీట్లో కుముద...

కూర్చోబెట్టిన టర్బోని మళ్లీ బయటికి లాగి నేల మీద పెట్టినాడు.

"ఏమయ్యా," లోపల్నుంచి కుముద పిలిచింది, పండ్లు బిగబట్టి. "అయిపోయిందా? నొప్పులు మొదలైనట్టుండాయి..."

గంగప్ప స్పానరు పారేసి, ఆటో కోసం చీకట్లో పడి పరిగెత్తినాడు.