పన్నెండు వేల అడుగులు

"ఈ అడుగులు ఎవరివమ్మా?" డాక్టర్ పరాంకుశం గారు రెండోసారి అడిగారు.

అద్దం అవతల స్కానర్ బల్ల మీద మా ఇందుజ పడుకుని ఉంది. పొద్దున తలుపు గడియ తీస్తుంటే మణికట్టు విరిగింది. గడియ తీస్తుంటే! పంతొమ్మిదేళ్ల పిల్ల.

ఒళ్లు తగ్గించే గ్యాస్ కనిపెట్టింది ఈ డాక్టరుగారే. విశాఖలో ఇప్పుడు ఇంటింటా ఒక సిలిండర్. మాస్కు పెట్టుకుని రోజూ గంటసేపు పీలిస్తే ఒంట్లో కొవ్వు కరుగుతుంది. ఎముకా కరుగుతుంది. అందుకే నడవాలి. పాదం నేలకు తగిలినప్పుడల్లా ఎముక మళ్లీ గట్టిపడుతుంది. చేతి బ్యాండ్ అడుగులు లెక్కపెట్టి సిలిండర్‌కు చెబుతుంది. ఎన్ని అడుగులైతే అంత గ్యాస్.

మొదటిరోజే ఆయన ఇవన్నీ చెప్పారు. అడుగులు పడితే గ్యాస్ వస్తుందన్న మాటే నా బుర్రకెక్కింది.

ఇందుజ నడవలేదు. "ఈ ఒళ్లేసుకుని బీచ్ రోడ్డు మీద నడిస్తే ఊరంతా నన్నే చూస్తుంది. సన్నబడ్డాక నడుస్తాలే అమ్మా" అని బ్యాండ్ విప్పి పడేసింది.

నేను తీసి నా చేతికి పెట్టుకున్నాను. చిన్నప్పుడు దానికి టైఫాయిడ్ వస్తే, దాని పేరున మొక్కిన నూటెనిమిది ప్రదక్షిణలూ నేనే చేశాను. తగ్గింది. ఇదీ అంతే అనుకున్నాను.

రోజూ పదివేల అడుగులు. పిల్ల కరుగుతుంటే ముచ్చటేసి పన్నెండు వేలు చేశాను.

"నడిచేది నువ్వు, తగ్గేది నేను. భలే కుదిరిందే అమ్మా!" అని నవ్వేది.

"నావేనండీ" అన్నాను చివరికి.

ఆయన కళ్లజోడు తీశారు. "ఎన్నాళ్లుగా?"

"ఎనిమిది నెలలు."

నాకూ స్కాన్ తీయించారు. రెండు ఫిల్ములు పక్కపక్కన పెట్టారు.

"ఇది ఎనభై ఏళ్ల ఎముక. ఇది పాతికేళ్లది" అన్నారు.

రెండోది నాది.

తలుపు తెరుచుకుంది. చేతికి కట్టుతో ఇందుజ బయటికొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, నలభై ఎనిమిది కిలోలు! ఇప్పుడు ఎత్తుకో చూద్దాం!"

దానికి ఆరేళ్లు దాటాక నేనెప్పుడూ ఎత్తుకోలేకపోయాను. ఇప్పుడు ఎత్తగలను. రెండడుగులు ముందుకు వేశాను.

డాక్టరుగారు నా భుజం పట్టుకుని ఆపారు.

"పిల్ల పక్కటెముకలు తట్టుకోలేవమ్మా" అన్నారు మెల్లగా.

అది ఇంకా చేతులు చాచే ఉంది.